పొగ ఒకటే, రోగం వేరు

బడి మెట్ల కింద ఒకే గంజాయి సిగరెట్టును చెరో దమ్ము పీలుస్తూ దొరికిన ఇద్దరు పదో తరగతి విద్యార్థుల విషయంలో విచారణ సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. మిల్లు యజమాని కొడుక్కి జబ్బు చేసింది. ఆయన కారు డ్రైవరు కొడుక్కి బుద్ధి చెడింది. ఒకే పొగ రెండు ఊపిరితిత్తుల్లో ఇంత తేడాగా పనిచేయడం సైన్సు మాస్టారిని కూడా ఆశ్చర్యపరచలేదు. బడికి ప్రయోగశాల కట్టించింది మిల్లు యజమానే మరి.

గోడవారగా నిలబడ్డ డ్రైవరు అంతా భక్తిగా విన్నాడు.

"ఇది ఒత్తిడండీ," అంది కౌన్సెలింగ్ మేడమ్. "అంత పెద్ద గదిలో పిల్లాడు ఒక్కడే! నలిగిపోయాడు."

"మేం నలుగురం ఒకే గదిలో ఉంటామమ్మా. మావాడికీ ఒత్తిడేనేమో, కాస్త చూడండి."

"అది ఒత్తిడి కాదయ్యా, ఇరుకు," అని మేడమ్ శాస్త్రీయంగా సవరించింది.

ప్రిన్సిపాలు లేచారు. "కలుపు తీయడమంటే పైరు మీద ప్రేమ!" అన్నారు. ఆ ప్రేమకొద్దీ యజమాని కొడుకైన చిన్నసారును చెరువు గట్టునున్న విశ్రాంతి కేంద్రానికి, డ్రైవరు కొడుకును ఇంటికి పంపారు. ఒకడికి పొగ మాన్పించారు, ఇంకొకడికి పొగబెట్టారు.

సరుకు ఎవరి జేబులో వచ్చిందో డ్రైవరుకు తెలుసు. రోజూ సాయంత్రం వెనక సీట్లో చిన్నసారు ముట్టించి, "మావా, అద్దాలు దించు," అనేవాడు. పెద్దసారు ఎక్కేలోగా కారులో సెంటు కొట్టడం, అద్దాలు తుడవడంలాగే తన డ్యూటీ అని డ్రైవరు నమ్మాడు. ఆ సెంటుతో ముక్కు ఎంత నిండిపోయిందంటే, ఇంట్లో సొంత కొడుకు చొక్కా వాసన కూడా పట్టలేకపోయింది. విచారణలో నిజం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ ఒక్క గదీ పెద్దసారు ఇచ్చిందే. మింగేశాడు.

పరీక్షల వేళకు చిన్నసారు తిరిగొచ్చాడు. డ్రైవరు కొడుకు అప్పటికే కార్లు కడిగే చోట కుదిరాడు.

వ్యసన విముక్తి సభలో చిన్నసారు మైకు అందుకుని, "నన్ను చెడు సావాసం పాడుచేసింది," అని గద్గదంగా చెప్పాడు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. 'ఆదర్శ బాలుడు' అని చెక్కిన జ్ఞాపిక ఇచ్చారు. పొగ పోయి పొగడ్త వచ్చింది.

పోయిన పొగ సభ నుంచి వెళ్లే కారులోనే తిరిగొచ్చింది. జ్ఞాపిక చాటున ముట్టించి, "మావా, అద్దాలు," అన్నాడు ఆదర్శ బాలుడు.

డ్రైవరు అద్దాలు దించలేదు. సెంటు సీసా ముట్టలేదు. ఈ ఒక్కరోజు పెద్దసారు ముక్కే సాక్ష్యం చెబుతుంది, తన కొడుకు మళ్లీ బడి మెట్లెక్కుతాడు అనుకున్నాడు.

మిల్లు గేటు దగ్గర పెద్దసారు ఎక్కి కొడుకు పక్కన కూర్చున్నారు. ఒకసారి ఎగబీల్చారు. మళ్లీ ఎగబీల్చారు. డ్రైవరు ముందరి అద్దంలోంచి ఆ ముక్కునే ఆశగా చూశాడు.

"ఏమోయ్," అన్నారు ఆయన జాలిగా, "నీ చొక్కా గంజాయి కంపు కొడుతోంది. మీవాడింకా మారలేదన్నమాట!"

"పాపం నాన్నా," అన్నాడు చిన్నసారు. "వాణ్ణి తిట్టకండి."

డ్రైవరు సీసా తీసి, తన చొక్కాకే సెంటు కొట్టుకున్నాడు.

పెద్దసారును తప్పుపట్టకండి. ఆ కారు తలుపు తీసింది మీరే అయితే, ముందు ఎవరి చొక్కా వాసన చూసేవారు?