ఖాళీ గొట్టానికి చప్పట్లు

ఆ ఉదయం పరిశోధకుడి పథకంలో లోపమేమీ లేదు. ఎనిమిదింటికి ప్రయోగశాలకు చేరాలి. రెండు గ్రాముల తెల్లపొడిని ఉక్కు గొట్టంలో నింపి, గొట్టాన్ని కొలిమిలో ఎర్రగా కాల్చాలి. పదకొండింటికి వచ్చే సమీక్షా సంఘం కళ్లెదుట చిక్కటి నూనె ఆవిరిని అందులోకి పంపి, అటువైపు తేలికపాటి ఇంధనంగా దింపాలి. నూటికి అరవై పాళ్లు మారితే, ఏడేళ్లుగా ఏటా పొడిగిస్తూ వచ్చిన అతని తాత్కాలిక ఉద్యోగం స్థిరమవుతుంది. మారకపోతే ఎనిమిదోసారి పొడిగించరు. ఆ మాట కాగితం మీదే ఉంది.

భార్య భోజనాల బల్ల దగ్గర పిల్లల లెక్కల పేపర్లు దిద్దుకుంటోంది. అతడు చొక్కా గుండీలు పెట్టుకుంటూ, ఆమె అడగకపోయినా మరోసారి వివరించాడు. ఆ పొడి పేరు జియోలైట్. రేణువు నిండా కంటికి కనబడని రంధ్రాలు. నూనెలోని పెద్ద అణువు ఆ ఇరుకులో దూరి, విరిగి, చిన్నదై బయటపడుతుంది.

"మరి ఆ పొడి వేయకుండా నడిపితే ఎంతొస్తుంది?" అంది ఆమె తలెత్తకుండా.

"సున్నా."

"మీరు చూశారా?"

"రిపోర్టులో ఉంది."

"రిపోర్టు రాసింది మీరేగా?"

"నేనే. అంతకుముందు రిపోర్టులో కూడా సున్నా అనే ఉంది."

"అది మాత్రం ఎవరు చూసి రాశారు?" ఆమె ఎర్రకలం మూత పెట్టింది. "మా పిల్లలు పక్కవాడి పేపరు చూసి రాస్తే నేనూ అదే వేస్తానండీ. సున్నా."

కొన్ని ప్రశ్నలు జవాబు చెప్పే బాధ్యత లేనివారికే తడతాయని తనకు తాను చెప్పుకుని, అతడు బూట్లు తొడుక్కున్నాడు. ఆ వాక్యం తనకే అంతగా నచ్చలేదు. అయినా బస్సు వేళయింది.

ప్రయోగశాలలో, తేమ చొరబడని గాజుపెట్టెలో ఉండవలసిన పెద్ద సీసా లేదు. మూడు నెలలు వండి, వడగట్టి, కాల్చి తయారుచేసిన పొడి అది. ప్రపంచంలో మరెక్కడా చిటికెడు కూడా లేదు.

"బాబాయ్, సీసా ఏది?"

వచ్చే ఏడాది పదవీ విరమణ చేయబోతున్న టెక్నీషియన్‌ను అందరూ బాబాయ్ అనే పిలుస్తారు. ఆయన తీరిగ్గా కళ్లజోడు తుడుచుకున్నాడు. "డైరెక్టరుగారు పట్టుకుపోయారు బాబూ. నిన్న సాయంత్రం ఆయన ఫోను చేతులు కడుక్కునే తొట్టిలో పడిందట. తేమ పీల్చే పొడి ఏదైనా ఉందా అని అడిగారు. ఆ పొడి గాలిలో చెమ్మను కూడా వదలదని మొన్న మీటింగులో గొప్పగా చెప్పింది నువ్వేగా?"

పరిశోధకుడు పరుగున వెళ్లాడు. డైరెక్టరు బల్ల మీద పింగాణీ గిన్నె, గిన్నె నిండా మూడు నెలల శ్రమ, దాని మధ్యన మెడ దాకా పాతిపెట్టిన ఫోను.

"ముట్టుకోకు!" అన్నాడు డైరెక్టరు. "ఇరవై నాలుగు గంటలు కదపకూడదట."

"సార్, అది ఇవాళ్టి ప్రయోగానికి దాచిన పొడండీ."

"మరి ముందే చెప్పొద్దూ?"

"సీసా మీద రాసి ఉందండీ."

"నా హోదాలో ఉన్నవాణ్ని లేబుళ్లు చదువుతూ కూర్చోమంటావా? అయినా నేను తీసుకుంది పొడి పనిచేస్తుందో లేదో చూద్దామనే."

తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నవాడు కూడా ఇంత నిబ్బరంగా చెప్పి ఉండడు. ఈ సంస్థలో వెలువడిన ప్రతి వ్యాసం మీదా మొదటి పేరు ఈయనదే. ప్రయోగశాలకు ఈయన ఆఖరుసారి వచ్చింది గోడలకు రంగు వేయించిన రోజున. ఇదంతా పరిశోధకుడికి తెలుసు. రెండో పేరు తనది కావడం వల్ల ఇన్నేళ్లూ ఆ సంగతి తనకు అభ్యంతరకరంగా తోచలేదన్నది మాత్రం ఆ గిన్నె ముందు నిలబడినప్పుడే తెలిసింది.

ఉపాయం వెనకే వచ్చిన బాబాయ్ చెప్పాడు. తడిసిన పొడి ఎటూ పనికిరాదు. పొడి కదలకుండా పట్టి ఉంచేందుకు ఎప్పుడూ వాడే ఇసుకను మాత్రమే గొట్టంలో నింపుదాం. సున్నా వస్తుంది. యంత్రం పాడైందని చెప్పి ఇంకో తారీఖు అడుగుదాం.

"శభాష్! యంత్రానికి నోరుండదు కదా," అన్నాడు డైరెక్టరు. ఆడలేక మద్దెల ఓడన్న సామెత అక్కడున్న ముగ్గురికీ గుర్తొచ్చింది. ముగ్గురూ మర్యాదగా దాన్ని మింగేశారు.

సరిగ్గా పదకొండింటికి సంఘం వచ్చింది. అధ్యక్షురాలు పదవీ విరమణ చేసిన ప్రొఫెసరు, కళ్లజోడును తాడుతో మెడలో వేలాడదీసుకున్న బక్కపలచని మనిషి. ఆమె వెంట తలూపడానికి ఇద్దరు సభ్యులు. కొలిమి కాగింది, నూనె ఆవిరి కదిలింది. పరిశోధకుడు విచారాన్ని ముందుగానే ముఖానికి పులుముకుని, యంత్రం గురించి చెప్పవలసిన వాక్యాలు మనసులో వల్లె వేసుకుంటూ, నూటికి ఎన్ని పాళ్లు మారిందో చూపే తెర వైపు చూశాడు.

తెర మీద అంకె పన్నెండు. తరువాత ముప్ఫై తొమ్మిది. ఆపైన డెబ్బై ఒకటి దగ్గర నిలకడగా ఆగింది.

ఏడేళ్లలో అతడు సాధించిన అత్యధికం అరవై ఎనిమిది.

ఇద్దరు సభ్యులూ చప్పట్లు కొట్టారు. అధ్యక్షురాలు కూడా నాలుగు కొట్టింది. డైరెక్టరు కోటు సవరించుకున్నాడు. "రంధ్రాల కొలత నేను దగ్గరుండి చూసుకున్నానండీ. అసలు కిటుకంతా ఆ రంధ్రాల్లోనే ఉంది!"

బాబాయ్ పరిశోధకుడి చెవి దగ్గర వంగాడు. "బాబూ, ఇసుకకు రంధ్రాలుంటాయా?"

ఉండవు. మరి నూనెను విరిచిందెవరు? కొలిమి వేడి, ఏడేళ్లుగా మసి పట్టి గరుకెక్కిన ఆ గొట్టం గోడ. అంటే ఇన్నేళ్లూ పని చేసింది గొట్టం, బిరుదు మోసింది పొడి. దానికి సంతకం చేసింది తాను.

"చాలా బాగుంది," అంది అధ్యక్షురాలు. "ఇప్పుడు పొడి లేకుండా, ఖాళీగా ఒకసారి నడపండి. పోల్చి చూస్తే సరిపోతుంది."

డైరెక్టరు అతణ్ని మూలకు లాగాడు. "రిపోర్టులో సున్నా అని ఉంది. సున్నా రావాలి!"

"ఖాళీగా నడిపితే మళ్లీ డెబ్బై ఒకటే వస్తుందండీ."

"అయితే నా గిన్నెలో పొడి తెచ్చి వెయ్. తడిసింది కదా, చచ్చి ఉంటుంది. దాన్నే ఖాళీ అందాం. ఫోను మాత్రం జాగ్రత్త."

గొట్టంలో ఏమీ లేదని చూపించేందుకు గొట్టంలో పొడి వేయడమన్నది ఆ సంస్థ స్థాయికి తగ్గ ఆలోచనే. ఉద్యోగం కళ్ల ముందు ఊగుతూంటే పరిశోధకుడు కాదనలేదు. ఫోను చుట్టూ ఉన్న పొడిని చెంచాతో తీసి, ఎవరూ చూడకుండా నింపాడు.

తొట్టి నీళ్లు తాగిన పొడి అది. కొలిమిలో పెట్టగానే ఆ నీరంతా ఒక్కసారిగా ఆవిరైంది. గొట్టం గురక పెట్టినట్టు చప్పుడు చేసి, తెల్లటి పొడిని భుస్సుమని అవతలి కొసనుంచి కక్కింది. అది గాలిలో తేలివచ్చి డైరెక్టరు నల్లకోటు మీద వాలింది. తెర మీద అంకె నలభై తొమ్మిది.

అధ్యక్షురాలు కళ్లజోడు పెట్టుకుంది. డైరెక్టరు భుజం మీద వేలితో ఒక గీత గీసి, ఆ వేలిని వెలుతురుకు పట్టి చూసింది.

"ఖాళీ గొట్టం పొడి కక్కుతుందా?"

డైరెక్టరు కోటు దులుపుకున్నాడు.

"మిమ్మల్నే అడుగుతున్నాను," అంది పరిశోధకుడితో. "రిపోర్టులో సున్నా, ఇక్కడ నలభై తొమ్మిది. అసలు మీరెప్పుడైనా దీన్ని ఖాళీగా నడిపారా?"

డైరెక్టరు కళ్లతోనే బతిమాలాడు, కళ్లతోనే బెదిరించాడు. పరిశోధకుడి కళ్ల ముందు మాత్రం పొద్దున్న భార్య మూత పెట్టిన ఎర్రకలం మెదిలింది.

"ఇవాళ్టి వరకూ లేదండీ."

"మరి ఇవాళ?"

"ఇవాళ నడిపామండీ. ఇందాక మీరు చప్పట్లు కొట్టింది దానికే."

సభ్యులిద్దరూ తమ అరచేతుల వైపు చూసుకున్నారు. సంఘం తలుపు వేసుకుని లోపల కూర్చుంది. అరగంట సేపు పరిశోధకుడు వరండాలో నిలబడి, బల్ల సొరుగులో తన సొంత వస్తువులేమున్నాయో లెక్కవేసుకున్నాడు. ఒక కప్పు, ఒక గొడుగు. ఏడేళ్లకు అంతే. అయినా ఎందుకో ఊపిరి తేలిగ్గానే ఆడింది.

తలుపు తెరుచుకుంది. ముందుగా బయటికి వచ్చింది డైరెక్టరు గొంతు. "ఖాళీగా నడపమని మొదటినుంచీ పోరుతున్నది నేనేనండీ!" కొట్టిన చప్పట్లను వెనక్కి తీసుకునే పద్ధతి ఏ నిబంధనల్లోనూ లేదు గనుక, సభ్యులిద్దరూ వాటికి తగిన కారణం కనిపెట్టారు. పొడి అవసరం లేని నూతన విధానంగా పథకానికి పేరు మార్చి, డైరెక్టరు నాయకత్వంలో మరో అయిదేళ్లు పొడిగించారు.

అధ్యక్షురాలు చివరగా వచ్చి, అతని చేతిలో కాగితం పెట్టింది. "ఈ గదిలో ఏడేళ్లకు ఒక ప్రయోగం జరిగింది. అది కూడా మీరు కావాలని చేసింది కాదు. అయినా నిజం చెప్పారు. ఉద్యోగం ఖాయం చేశాను. ఇకమీదట పొడి వేసే ముందు ఖాళీగా నడపండి నాయనా."

ఇంటికి ఫోన్ చేశాడు.

"ఖాయమైందా? దేనికిచ్చారండీ?"

"గొట్టంలో ఏమీ వేయనందుకు."

అవతల కలం మూత తీసిన చప్పుడైంది. "పొద్దున్న నేను చెప్పింది కూడా అదేగా," అంది ఆమె.

సాయంత్రానికి డైరెక్టరు ఫోను చక్కగా మోగింది. ఏడేళ్ల పరిశోధనలో ఆ పొడి పనిచేసినట్టు రుజువైన సందర్భం అదొక్కటే.