వనసభవారి ఇంటి ప్యాటీ

ఒక పెద్ద అడవిలో ఎవరి వంటిల్లు వాళ్ళదే. దాని గురించి ఉపన్యాసం ఇచ్చే హక్కు మాత్రం అందరిదీ. వంటింటి గడప తొక్కనివాళ్ళకి ఆ హక్కు ఇంకాస్త ఎక్కువ.

ఆ అడవిలో అప్పుడు బర్గర్ల కాలం నడుస్తోంది. హైవే మీద ఆగిన కార్లలోంచి కోతులు బన్నులు తెచ్చేవి. అది దొంగతనం కాదు, దిగుమతి. అలాగే అనాలని వనసభ చెప్పింది. బన్ను మధ్యలో పెట్టే ప్యాటీ మాత్రం ఎవరింట్లో వాళ్ళు చేసుకునేవారు. పులీ జింకా ఒకే సభలో కూర్చోవడం మొదలయ్యాక ప్యాటీలో మాంసం మానేశారు. ఇది ఏ మాంసం అని ఎవరైనా అడిగితే జవాబు పక్క కుర్చీలోనే కూర్చుని ఉండొచ్చు. అదేం మర్యాద? అందుకని పనసపొట్టుతో సరిపెట్టుకున్నారు.

పనసపొట్టు కొట్టడమంటే ఏమిటో కొట్టినవాళ్ళకి తెలుసు. చేతికి నూనె రాయాలి, కత్తికి నూనె రాయాలి, అయినా జిగురు మోచేతిదాకా పాకుతుంది. ఒళ్ళంతా బొచ్చున్నవాళ్ళ గతి వేరే చెప్పాలా? ఆ పొట్టు ఉడికించి, నీళ్ళు పిండి, నూరిన శనగపప్పూ అల్లం పచ్చిమిర్చీ కలిపి, బిళ్ళలు అద్దాలి. ఆఖర్న ఒక్కో బిళ్ళ నడుమ పంజాతో ఒక నొక్కు నొక్కాలి. ఆ గుంట లేకపోతే ప్యాటీ పెనం మీద బూరెలా పొంగి కూర్చుంటుంది.

ఎలుగుబంటి భల్లమ్మ తేనె డిపోలో తూకం వేసే ఉద్యోగం చేసేది. పొద్దున్నే వెళ్తే పొద్దుగూకాక వచ్చేది. ఆమె భర్త భల్లూకరావు వనసభ సభ్యుడు. అంటే ఇంట్లోనే ఉండేవాడు. డిపోలో ఆమెని అందరూ "భల్లమ్మగారూ" అనేవారు. ఇంట్లో "ఏమే" అనేవారు. ఆ ఉద్యోగం ఆమెకి ఎందుకంత ఇష్టమో ఇంతకన్నా విడమరిచి చెప్పక్కర్లేదు.

ఒకనాడు వనసభ అధ్యక్షుడు సింహంగారు జూలు దులుపుకుని లేచారు.

"నిన్న మా ఇంట్లో ప్యాటీ నున్నగా ఉంది. మధ్యలో గుంట లేదు. ఏమిటా అని నిలదీస్తే, జంబుకేశం కొట్లో కొన్నదట! మన ఇళ్ళు ఏమైపోతున్నాయి?"

"ఏమైపోతున్నాయి!" అంది సభ.

జంబుకేశం అంటే నక్క. రెండు చదును రాళ్ళ మధ్య బిళ్ళలు ఒత్తి, తయారు ప్యాటీలని అమ్మేవాడు.

"మా అమ్మ చేసేది," అన్నారు సింహంగారు, కళ్ళు సగం మూసి. "ఆ చేతిరుచి! పొద్దున్నుంచీ పొట్టు కొట్టేది పాపం. నేను చూస్తూ కూర్చునేవాణ్ణి."

సభలో సగంమందికి కన్నీళ్ళొచ్చాయి. వాళ్ళూ చూస్తూ కూర్చున్నవాళ్ళే.

కార్యదర్శి కొంగ ఒంటికాలి మీద లేచాడు. ఏ విషయంలోనూ రెండో కాలు కింద పెట్టే అలవాటు ఆయనకి లేదు. ఎటు మొగ్గాలో చివరిదాకా చూసుకోవాలి కదా. తీర్మానం చదివాడు: ప్యాటీ ఇంట్లో చెయ్యాలి, చేత్తో చెయ్యాలి, మధ్యలో గుంట ఉండాలి. ఏ ఇంట్లో గుంట పడదో ఆ ఇంటి ఆడది బయటి ఉద్యోగం మానేసి ఇంటిపట్టున ఉండాలి.

ఆ సాయంత్రం భల్లమ్మ భర్తని అడిగింది. "మీరూ చెయ్యెత్తారా?"

"అందరూ ఎత్తారు కదా అని..."

"ఆ ఎత్తిన చేత్తోనే ఈ పనసకాయ కొయ్యండి."

"అబ్బే, నాకు జిగురు పడదే!"

మూడోనాటికి భల్లమ్మ పొట్టు కొడుతూ కొడుతూ కత్తిపీట మీదే కునుకు తీసింది. నాలుగోనాడు డిపో నుంచి వస్తూ నక్క కొట్టు పెరటి గుమ్మం దగ్గర ఆగింది. ఆగడానికి చోటు దొరకలేదు. అక్కడ అప్పటికే ముళ్ళపంది ఇల్లాలు, పులి ఇల్లాలు, ముసుగేసుకుని ఇంకెవరో ఉన్నారు. ముసుగు కిందనుంచి సింహం తోక కుచ్చు కనిపిస్తోంది.

జంబుకేశం అప్పటికే పద్ధతి మార్చేశాడు. ప్రతి ప్యాటీ మధ్యా చక్కటి గుంట. పనివాళ్ళని పెడితే కూలి ఇవ్వాలని, అన్నీ తన పంజాతోనే నొక్కేవాడు.

"రండి అక్కయ్యగారూ! ఇవి బజారు ప్యాటీలు కావండీ. అచ్చం ఇంటి ప్యాటీలు. ఆ ఇల్లు మీది కాదు, అంతే తేడా."

"పనస ఎంత వేశావు? పిండి ఎంత కలిపావు?"

"అది మా కొట్టు రహస్యమండీ."

"ఏది? పనస వెయ్యడమా?"

"తల్లీ, మెల్లగా! పక్కవాళ్ళు వింటారు."

భల్లమ్మకి ప్యాటీలో పిండి ఎక్కువని తెలుసు, ఉప్పు ఎక్కువని తెలుసు. తన కాళ్ళ నొప్పులు అంతకన్నా ఎక్కువని కూడా తెలుసు. కొనుక్కుని పోయింది.

భల్లూకరావు ఒక ముక్క కొరికి కళ్ళు మూసుకున్నాడు. "చూశావా! తీర్మానం చేశాక నీ చేతికి ఎంత రుచి వచ్చిందో!"

ఒకరోజు నక్క కొట్లో సరుకు అయిపోయింది. తప్పక భల్లమ్మ నిజంగానే పొట్టు కొట్టి, కలిపి, అద్ది, తన పంజాతో నొక్కి వేయించి పెట్టింది. భల్లూకరావు కొరికి మొహం చిట్లించాడు.

"ఇదేమిటే, ఇవాళ చేతిరుచి లేదు? కొంపదీసి బజారుది తెచ్చావా?"

భల్లమ్మ పళ్ళెం తన ముందుకి లాక్కుంది. మిగిలినవన్నీ తనే తినేసింది. చాలా బాగున్నాయి.

ఇలా సాగిపోతే ఏ గొడవా లేకపోను. కానీ చేసిన తీర్మానం ఫలించిందని చెప్పుకోకపోతే సభకి నిద్ర పట్టదు కదా. ఇంటి ప్యాటీ ఉత్సవం పెట్టారు. ఇంటింటి నుంచీ పళ్ళేలు పట్టుకుని ఇల్లాళ్ళు వచ్చారు. జంబుకేశాన్ని పానకం పంచడానికి పిలిచారు. ఓడిపోయినవాణ్ణి కళ్ళారా చూసుకోవాలని సింహంగారి సరదా.

ఒక్కో సభ్యుడూ లేచి తన ఇంటిని పొగుడుకున్నాడు. భల్లూకరావు వంతు వచ్చింది. ఆయన ఒకచోట ఆగే రకం కాదు.

"చూడండి, ఈ గుంట! మా ఆవిడ పంజాది! ఏదీ, ఏమే, నీ చెయ్యి ఇందులో పెట్టి చూపించు!"

భల్లమ్మ చెయ్యి వెనక్కి దాచుకుంది. భర్త పట్టుకుని లాగాడు. పంజా చేటంత ఉంది. గుంట రేగుపండంత ఉంది.

పులి తన పళ్ళెంలోకి చూసుకున్నాడు. ఏనుగు తన పళ్ళెంలోకి చూసుకున్నాడు. సింహంగారు కూడా చూసుకున్నారు. అన్ని పళ్ళేల్లోనూ అదే రేగుపండంత గుంట, అవే నాలుగు వేళ్ళ గుర్తులు, అందులో ఒకటి వంకర.

పానకం చెంబు పట్టుకున్న పంజాని నక్క గబుక్కున వెనక్కి తీసుకున్నాడు. ఆ వంకర వేలు అప్పటికే అందరూ చూసేశారు.

ప్యాటీలు కొన్నవేమో అని ఒక్క మగవాడికైనా తోచాలి. తోచలేదు. తమ ఇంటి చేతిరుచి మీద వాళ్ళకి అంత నమ్మకం.

"వీడు మా వంటింట్లోకి వచ్చాడు!" అని అరిచాడు భల్లూకరావు.

"మా వంటింట్లోకి కూడా!" అన్నాడు పులి, గోళ్ళు బయటికి తీస్తూ.

"అయ్యా, నేను ఎవరింటికీ రాలేదు!" అన్నాడు నక్క. "మీ ఇంటివాళ్ళే మా..." అక్కడితో ఆగిపోయాడు. అమ్మానంటే కొట్టు పోతుంది. అమ్మలేదంటే తోలు పోతుంది. దిక్కులేక భల్లమ్మ వైపు తిరిగాడు. "అక్కయ్యగారూ, మీరైనా చెప్పండమ్మా!"

భల్లమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. నిజం చెబితే రేపటి నుంచి డిపో లేదు. "భల్లమ్మగారూ" లేదు. ఆ పెరటి గుమ్మం దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళెవరికీ బయట పని లేదు. లేచి నిలబడింది.

"అవునండీ. జంబుకేశం మా వంటింట్లోకి వస్తున్నాడు. వచ్చి పొట్టు కొడుతున్నాడు, పప్పు నూరుతున్నాడు, బిళ్ళలు అద్ది గుంట నొక్కుతున్నాడు. మా ఆయన ముందుగదిలో సంస్కృతి గురించి ఆలోచిస్తూ ఉంటారు, పెరట్లో ఎవరొచ్చారో ఆయనకేం తెలుసు? ప్యాటీ ఇంట్లోనే అయింది, చేత్తోనే అయింది, గుంటా పడింది. ఏ తీర్మానం తప్పామో చెప్పండి."

"మా ఇంట్లోనూ అంతే!" అంది పులి ఇల్లాలు.

"మా ఇంట్లో అంట్లు కూడా తోమి వెళ్తాడు," అంది ముళ్ళపంది ఇల్లాలు. అబద్ధంలోకి దిగాక మరీ పొదుపు పాటించకూడదని ఆమె ఉద్దేశం.

ఆనాడు ముసుగు కింద కనిపించిన తోక కుచ్చు కూడా ఔనన్నట్టు ఊగింది.

సింహంగారు కొంగ వైపు చూశారు. "ఎవరి చేత్తో అన్నది తీర్మానంలో లేదా?"

"లేదండీ. ఆడవాళ్ళ చెయ్యి కాక ఇంకో చెయ్యి ఉంటుందని సభలో ఎవరికీ తోచలేదండీ."

ఉద్యోగాలు నిలిచాయి. నక్కకి శిక్ష పడింది: ఇక మీదట ఎవరి వంటింట్లోనూ అడుగు పెట్టకూడదు. అది అతను ఎన్నడూ చెయ్యని పనే కాబట్టి శిక్ష నిరాటంకంగా అమలైంది.

కానీ మగవాళ్ళకి నమ్మకం కుదరలేదు. వంకర వేలు మళ్ళీ వస్తే? సాయంత్రం కాగానే ప్రతి సభ్యుడూ తన వంటింట్లో కాపలా కూర్చున్నాడు.

భల్లమ్మ డిపో నుంచి వచ్చి చూసింది. పొయ్యి పక్కన పీట, పీట మీద భర్త.

"ఊరికే కూర్చోవడమెందుకండీ," అంది మెత్తగా. నూనె గిన్నె దగ్గరికి జరిపింది. "చేతికి పట్టించుకోండి. పనసకాయ ఆ మూల ఉంది."

"నాకు జిగురు..."

"జంబుకేశానికి పడిందండీ."

భల్లూకరావు చేతికి నూనె పట్టించుకున్నాడు. అడవంతా ఠకఠకా పొట్టు కొడుతున్న చప్పుడు. సింహంగారి జూలుకి పట్టిన జిగురు వదలక సగం కత్తిరించాల్సి వచ్చింది.

వారం తిరక్కుండానే ఒక సాయంత్రం నక్క కొట్టు పెరటి గుమ్మం ఎవరో మెల్లగా తట్టారు. జంబుకేశం తలుపు తీశాడు. దుప్పటి కప్పుకుని సింహంగారు. వెనక వరసలో పులి, ఏనుగు. ఏనుగుకి దుప్పటి చాల్లేదు. అందరికన్నా వెనక, చెవుల దాకా జిగురుతో భల్లూకరావు.

"ప్యాటీలు ఉన్నాయా?" అన్నారు సింహంగారు గుసగుసగా. "గుంట మాత్రం కాస్త వెడల్పుగా నొక్కవోయ్. సింహం పంజాలా ఉండాలి."

ఆ పూట సింహం ఇల్లాలు ప్యాటీ కొరికి కళ్ళు మూసుకుంది. "ఏమైనా చెప్పండి, మీ చేతిరుచే వేరండీ!"

సింహంగారు సిగ్గుపడుతూ ఇంకోటి వడ్డించారు.

నీతి: చేతిరుచి గొప్పదని ఎవరైనా అంటే వాదించకండి, వాళ్ళ చేతికి నూనె రాసి పనసకాయ ఇవ్వండి.