ప్రొద్దుటూరు బస్సులో దిక్కులేని సామాన్లు

ఎస్సై కుళ్లాయప్ప పదకొండేళ్లుగా మంత్రుల సభల్లో కుర్చీల కింద వెతికాడు. ఏమీ దొరకలేదు. ఆ రోజు తనిఖీ బాగా జరిగితే ఉగ్రవాద నిరోధక విభాగంలోకి తీసుకుంటారు. చెడితే రిటైరయ్యేదాకా కుర్చీలే. తనిఖీకి కొత్త డీఎస్పీ పదింటికి వస్తారని కబురు. తొమ్మిదికే జమ్మలమడుగు బస్టాండు ఒకసారి చుట్టి రావాలనుకున్నాడు.

ప్రొద్దుటూరు బస్సు ఆగకముందే కిటికీలోంచి ఒక సంచి లోపలికి ఎగిరిపడింది. విసిరిన ముసలామె ఓబమ్మ వెనక్కి చూడకుండా టీ అంగడికి పోయింది. సీటు కోసం అలా విసరడం అక్కడ అందరికీ అలవాటే. కుళ్లాయప్ప కూడా చిన్నప్పటి నుంచి తువ్వాలు విసిరినవాడే. కానీ కిందటి వారం మూడు రోజుల శిక్షణకు పోయి వచ్చాడు. ఆ మూడు రోజులు అంతకుముందు నలభై ఏళ్లను తుడిచేశాయి.

బస్సు నిండింది. సంచి పక్కన మనిషి లేడు.

"అందరూ దిగండప్పా. దిక్కులేని సంచి ఉండాది."

"దిగితే సీటు పోతాది సార్," అన్నాడొకడు.

"పానం పోతాదంటే సీటంటావేందిరా?"

దిగారు. పోలీసు మాట కాదనలేదు, సీటూ వదల్లేదు. ఒకరు తువ్వాలు, ఒకరు నీళ్ల సీసా, ఒకాయన ఎడమకాలి చెప్పు పెట్టి దిగారు. బస్సులో ఇప్పుడు మనిషి లేని సామాన్లు నలభై.

"ఎన్ని?" అని వైర్‌లెస్‌లో కడప నుంచి అడిగారు.

"నలభై సార్."

 వెంటనే బాంబు స్క్వాడు, రెండు కుక్కలు, ఫైరింజను బయల్దేరాయి. బస్సు చుట్టూ తాడు కట్టి బస్టాండు మూశారు. పులివెందుల బస్సులు రోడ్డు మీదే ఆగిపోయాయి.

ఇంతలో ఓబమ్మ టీ తాగి వచ్చి, తాడు కింద దూరి, బస్సెక్కి తన సీట్లో కూర్చుంది.

"అవ్వా, దిగు. ఆ సంచిలో ఏముందో తెల్దు."

"నాకు తెల్సులే. గొర్రెల కడుపులో పురుగులకు మందు. నువ్వూ తాగుతావా?"

జనం నవ్వారు. దారిలో ఉన్న కుక్కలను వెనక్కి పొమ్మన్నారు. కుళ్లాయప్పకు మండింది. సామాను వదిలిన ప్రతి ఒక్కరి పేరూ రాసి పైకి పంపుతానని తలుపు దగ్గర నిలబడ్డాడు. ఒక్కొక్కరే తమ సామాను చూపి, పేరు రాయించి ఎక్కారు. చివరికి ఒక నీలం కర్చీఫు మిగిలింది.

"ఎవురిదిది?"

"నాది," అంది నేత చీర కట్టుకున్న ఒకామె.

"పేరు?"

"ఉమాదేవి."

"ఏం పని?"

"డీఎస్పీ. నువ్వెట్లా చేస్తాండావో చూద్దామని చెప్పకుండా బస్సెక్కినా."

కుళ్లాయప్ప సెల్యూట్ చేశాడు. "మేడం, మీరు ప్రొద్దుటూరు పోవాల్నా?"

"లేదు."

"మరి సీటు?"

"మాదీ ఈ పక్కే, వేములప్పా. బస్సును చూస్తే చెయ్యి ఊరుకోల్యా." ఆమె కాగితం వైపు చూసింది. "పైకి పోయే జాబితాలో ఎన్ని పేర్లు?"

కుళ్లాయప్ప పెన్నుకు మూత పెట్టాడు. "ముప్పై తొమ్మిది మేడం."

వారానికే ఎంపిక ఉత్తర్వు వచ్చింది. చిన్న వివరం కూడా వదలని మనిషని అందులో డీఎస్పీ స్వయంగా రాశారు.