విమానానికి దాచిన పత్తి గింజలు

సైదాబీ కొట్లో టీ తాగి, గంట కొట్టేలోగా బడికి చేరాలన్నదే ఆ సోమవారం ప్రేమదాసు మాస్టారి కార్యక్రమం. అంతకుమించి ఏ ఘనకార్యమూ తలపెట్టలేదు. టీ అందుకుంటూ, పేపర్లో చదివిన సంగతి ఒకటి చెప్పాడు. పెట్రోలు ధర మండిపోతోందని, ఏదో దేశంలో ప్రయాణికుల విమానాలను గింజల నూనెతో నడిపి చూస్తున్నారట.

"మన పత్తి గింజలు పనికొస్తాయా మాస్టారూ?" అన్నాడు జక్రయ్య. జిన్నింగు మిల్లు నుంచి గింజలు తెచ్చి ఊరి గేదెలకు దాణాగా అమ్మేది అతనే.

"ఎందుకు రావు?"

"ఎప్పటికి?"

తెలియదనడానికి మాస్టారికి నోరు రాలేదు. కొట్లో అందరూ ఆయన మొహంలోకే చూస్తున్నారాయె. "వచ్చే వేసవికల్లా," అనేశాడు.

అంతే. జక్రయ్య గింజలు అమ్మడం మానేసి బస్తాలు అటకెక్కించాడు. అతన్ని చూసి మిగతావాళ్లూ తమ దగ్గరున్న గింజలు దాచారు. వట్టి గడ్డి తినలేక సైదాబీ గేదె పాలు చేపడం మానేసింది. కొట్లో టీ నల్లబడింది. శనివారం మాస్టారు వెళ్లేసరికి ఆమె గేదెను కడుగుతోంది.

"అద్దంకి సంతకి తోలేస్తున్నా మాస్టారూ. దీన్నింక మేపలేను. మీ విమానం వచ్చాక మళ్లీ కొనుక్కుంటాలే."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగా నమ్మే అంది. మాస్టారికి తల కొట్టేసినట్టయింది.

"రెండ్రోజులు ఆగు సైదాబీ," అని బతిమాలుకున్నాడు.

ఆదివారం చర్చిలో సాక్ష్యాల వేళ, చెమటలు కక్కుతూ లేచి నిలబడ్డాడు. "ఆ విమానం ఎప్పుడొస్తుందో నాకు తెలీదు. తెలీదని చెప్పడానికి సిగ్గేసి అబద్ధమాడాను. గింజలు గేదెలకు పెట్టండి."

పాస్టరుగారు స్తోత్రం చెప్పారు. వెనక వరుసలో జక్రయ్య పక్కవాడి చెవిలో, "మనచేత చవగ్గా అమ్మించి తను కొందామని చూస్తున్నాడ్రా," అన్నాడు.

ఒక్క గింజా బయటికి రాలేదు. చేసేది లేక ఆ మధ్యాహ్నం మాస్టారే జక్రయ్య గుమ్మం తొక్కి, అడిగినంతా ఇచ్చి బస్తా కొన్నాడు. దాన్ని సైకిలు మీద వేసుకుని, తలెత్తకుండా వీధి వెంట నెట్టుకుంటూ సైదాబీ ఇంటికి తీసుకెళ్లాడు. ఊరంతా గుమ్మాల్లో నిలబడి చూసింది. గేదె మాత్రం ఆవురావురుమని తింది. సంతకి తోలడం తప్పింది.

అంతలో జక్రయ్య రొప్పుకుంటూ వచ్చాడు.

"ఆ బస్తా వెనక్కిచ్చెయ్యండి మాస్టారూ. రెట్టింపిస్తా."

"దేనికి?"

"మీరే కొన్నారంటే విమానం బయల్దేరినట్టేగా."

మాస్టారు గేదెకేసి చూశాడు. రావలసిన విమానంలో కొంత భాగం అప్పటికే దాని కడుపులోకి దిగింది.