అత్తగారి గదిలో సంపు

"ముందు సంపు సార్. తర్వాత రిటర్న్ పంపు. మీ అత్తగారి గదిలో అయితే చప్పుడు బయటికి రాదు."

ప్లంబరు ఈ మాటలన్నది నాతో. విన్నది తలుపు అవతల ఉన్న మా అత్తగారు. 'చ'ని 'స'గా పలికే నోళ్లు మన భాషలో కోకొల్లలు కదా! పాపం, ఆవిడకు అర్థమైంది ఇదీ: ముందు చంపు. తర్వాత పంపు. చప్పుడు కాకుండా!

ఆవిడ వెంటనే పెట్టె సర్దుకుని కొడుక్కి ఫోన్ కొట్టారు. ఆ కొడుకు వచ్చేలోగా, పాఠక మహాశయులారా, ఒక పరమ సత్యం విన్నవిస్తాను. ప్రతి ఇంటి హాల్లోనూ ఒక సముద్రం ఉండి తీరాలి!

నవ్వకండి. ఉప్పునీళ్ల అక్వేరియం, అందులో బతికున్న పగడాలు. దీన్ని రీఫ్ అంటారు. రీఫ్ వస్తే రిలీఫ్ పోతుందని గిట్టనివాళ్లు అంటారు. పోతే పోనివ్వండి! రిలీఫుతో మనిషి ఏం సాధించాడు? కునుకు తీశాడు.

మొదట దీపం సంగతి. పగడానికి పగలు కావాలి. మా అత్తగారికైతే పగ చాలు. మామూలు బల్బు కింద పగడం పాలిపోతుంది. అందుకే తెల్లవారుతున్నట్టు మెల్లగా వెలిగి, మధ్యాహ్నానికి నీలంగా మండి, సాయంత్రం సిగ్గుపడుతూ తగ్గి, ఆపైన వెన్నెల కూడా కాసే ఎల్‌ఈడీ ఎంచాను. మరీ దగ్గరైతే పగడం మాడుతుంది, దూరమైతే అలుగుతుంది. అంగుళం దించుతూ, అంగుళం ఎత్తుతూ ఆదివారమంతా స్టూలు మీదే గడిపాను. పెళ్లిచూపుల్లో నా మొహం మీద ఎంత వెలుతురు పడాలో ఎవరైనా ఇంత ఆలోచించారా?

ఇక ప్లంబింగు. పైపైన చూస్తే పైపే కదా అనిపిస్తుంది. కానే కాదు! పై తొట్టెలో పొంగిన నీళ్లు కింది తొట్టెలోకి దిగాలి. అదే సంపు. అక్కడ మురికి వదిలించుకున్న నీళ్లను తిరిగి పైకి తోసేది రిటర్న్ పంపు. ఇత్తడి వాల్వు పనికిరాదు, పగడాలకు పడదు. ఠక్కున తిరిగే మలుపూ పనికిరాదు.

"అలా మలిపితే నీళ్లు ఇబ్బంది పడతాయి సార్" అన్నాడు ప్లంబరు.

నా కళ్లు చెమర్చాయి. నీళ్ల ఇబ్బంది గురించి కూడా ఆలోచించే ఇల్లు ఎంత పుణ్యం చేసుకుని ఉండాలి! "ఒంపుగా తిప్పు నాయనా, వాటిని నొప్పించకు" అన్నాను. అదే సమయానికి, తన గది కుళాయిలో చుక్క రాక, మా అత్తగారు వంటింట్లోంచి బకెట్టు మోసుకుంటూ వెళ్తున్నారు. ఆవిడకు ప్రతి మలుపూ ఠక్కున తిరిగేదే.

సంపు హాల్లో పెడితే ఒకటే గుడగుడ. గోడకు చిల్లు కొట్టి అత్తగారి గదిలో పెడితే నాకు హాయి. ఆవిడ చెవులు అంతంతమాత్రమే కదా అని ధైర్యం. ఆ చెవులే కొంప ముంచాయి!

బావమరిది రానే వచ్చాడు, వెనక పై వాటా పిన్నిగారితో సహా.

"ఏంటి బావా, మా అమ్మని చంపుతున్నావంట?"

"ఎవడన్నాడు?"

"నేనే అన్నా" అన్నారు అత్తగారు, పెట్టె మీద కూర్చునే. "ముందు చంపుతారట, తర్వాత పంపుతారట. ఎక్కడికి పంపుతారో కూడా అడగరా!"

"మొహం చూస్తే అలా కనపడడు" అన్నారు పిన్నిగారు, నన్ను ఎగాదిగా చూస్తూ.

మా ఆవిడ స్టూలు తెచ్చి నా ముందు పెట్టింది. అదే భయం.

నేను స్టూలెక్కి అందరికీ వివరించాను. "చ కాదు మహాప్రభో, స! సంపు అంటే తొట్టె. పంపు అంటే మోటారు. రిటర్న్ అయ్యేది నీళ్లు, అత్తయ్యగారు కాదు. ఆవిడ ప్రాణానికి ఏ ఢోకా లేదు. పోయేది గదిలో సగం, అంతే!"

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అత్తగారు పెట్టె పట్టుకుని లేచారు.

"అంటే చేపల నీళ్లు తిరగడానికి నా గది కావాలి గానీ, నా కుళాయిలో నీళ్లు రానక్కర్లేదు. వాటికి వెన్నెల కావాలి గానీ, నా బల్బు మాడినా పర్లేదు. చంపుతారనుకున్నంతసేపూ నయం అల్లుడుగారూ! పోన్లే, నా గురించి కూడా ఆలోచిస్తున్నారు అనుకున్నా."

దిగబోయాను.

"దిగకండి" అంది మా ఆవిడ. "ఆ లైటు విప్పి అమ్మ గదిలో బిగించండి. మీ సముద్రం ఆ తర్వాత."