వడమాలపేట సంఘానికి సామర్థ్యం కలిగిన వైనం

మన దేశంలో మంచి పని చేయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఆ పని చేసే సామర్థ్యం తమకు ఉందని నిరూపించుకోవడానికి మాత్రం ఎనభై నాలుగు పేజీల దరఖాస్తు, పదిహేడు అనుబంధాలు, ఒక చార్టర్డ్ అకౌంటెంటు, మధ్యలో ఆగిపోని ఇంటర్నెట్టు కావాలి. ఈ సంగతి తెలియకుండా ఏళ్ళ తరబడి మంచి పనులు చేసుకుపోతున్న అమాయకులు ఇంకా అక్కడక్కడా మిగిలి ఉన్నారు. వడమాలపేట మునిలక్ష్మి అలాంటి మనిషి.

మునిలక్ష్మి ఎనిమిదేళ్ళుగా చక్రాల కుర్చీలు అరువిస్తోంది. వాళ్ళ అత్త తుంటి విరిగి మంచాన పడ్డప్పుడు కొన్న కుర్చీ, ఆమె లేచి తిరగడం మొదలుపెట్టాక ఖాళీగా ఉంటే, పక్కవీధి వాళ్ళు అడిగి తీసుకుపోయారు. తిరిగి ఇచ్చేటప్పుడు తమ ఇంట్లో మూలన పడున్న వాకర్ కూడా తెచ్చి పెట్టారు. అలా ఒకటి వెంట ఒకటి చేరి పదకొండు చక్రాల కుర్చీలు, తొమ్మిది వాకర్లు, నాలుగు వాటర్ బెడ్లు అయ్యాయి. అన్నీ ఆమె పాత పశువుల కొట్టంలో ఉంటాయి. పుత్తూరు నుంచి తిరుపతి దాకా ఎవరింట్లో కాలు విరిగినా ముందు ఆమెకు ఫోన్ వస్తుంది, తరువాత ఆస్పత్రికి. ఎవరు ఏది తీసుకుపోయారో ఆమె నోటుబుక్కులో రాసుకుంటుంది. ఎనిమిదేళ్ళలో ఒక్క కుర్చీ పోలేదు. (ఒకసారి ఒకటి ఎక్కువ వచ్చింది. ఎవరిదో ఇంతవరకు తెలియలేదు.)

ఆమెకు ఉన్న కష్టమల్లా కొట్టం పైకప్పు. రేకులు చిల్లులు పడి, వాన వస్తే నీళ్ళు నేరుగా కుర్చీల మీదే పడుతున్నాయి. చక్రాలు తుప్పు పట్టి కిర్రుమంటున్నాయి.

ఈ అరువుల పనికి ఊళ్ళోవాళ్ళు పెట్టుకున్న చిన్న సంఘానికి కార్యదర్శి సారంగపాణి. తిరుపతిలో గుడి ఆఫీసులో ముప్పై ఆరేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. ఫైలు లేని జీవితం ఆయనకు ఉప్పులేని పథ్యంలా ఉండేది. ఒక ఉదయం ఆయన ఫోను చేత్తో ఎత్తి పట్టుకొని, హారతి పళ్ళెం తెచ్చినట్టు తెచ్చారు.

"అమ్మా మునిలక్ష్మీ, శతసామర్థ్య ఫౌండేషన్ అని ఒకటి ఉండాదంట. మనలాంటి చిన్న సంఘాలకు సామర్థ్య నిర్మాణ గ్రాంటు ఇస్తారంట."

"రేకులు ఇస్తారా సామీ?"

"రేకులు కాదమ్మా. సామర్థ్యం."

"అది పైన వేస్తే వాన ఆగుతాదా?"

సారంగపాణి ఆ ప్రశ్నను వినిపించుకోలేదు. అప్పటికే ఆయన పాస్‌వర్డ్ సృష్టించడంలో మునిగి ఉన్నారు.

దరఖాస్తులో మొదటి భాగం స్వీయ మదింపు. వంద ప్రశ్నలు. ఒక్కోదానికి 'పూర్తిగా', 'కొంతవరకు', 'అస్సలు లేదు' అని మూడు జవాబులు. మునిలక్ష్మి ఉన్నదున్నట్టు చెప్పింది. తొంభై ఒక్క మార్కులు వచ్చాయి. వెబ్‌సైటు తెర మీద రంగుకాగితాలు చల్లి, 'అభినందనలు! మీ సంస్థకు ఇప్పటికే సామర్థ్యం ఉంది కనుక గ్రాంటు వర్తించదు' అని బయటికి పంపేసింది.

మరునాడు ఇద్దరూ వినయంగా కూర్చుని మళ్ళీ నింపారు. పన్నెండు మార్కులు వచ్చాయి. 'గ్రాంటును వినియోగించుకునే సామర్థ్యం మీ సంస్థకు లేదు' అని ఈసారి రంగుకాగితాలు లేకుండా పంపింది.

సారంగపాణి సహాయ కేంద్రానికి ఫోన్ చేశారు. ఫోనులో నలభై నిమిషాల వీణావాదనం తరువాత ఒక ఉప సామర్థ్యాధికారి దొరికాడు. "నలభై ఏడుకీ యాభై మూడుకీ మధ్య ఉండాలండీ. అంటే, మీరు బాగా పనిచేస్తూ ఉండాలి. కాకపోతే బాగా చేయలేకపోతూ ఉండాలి" అని ఎంతో ఓపికగా వివరించాడు.

దాంతో అన్నిటికీ 'కొంతవరకు' అని కొట్టుకుంటూ పోయారు. అరవై ఎనిమిదో ప్రశ్న దగ్గర మునిలక్ష్మి ఆగిపోయింది. 'మీ సంస్థ నిజాయితీగా పనిచేస్తోందా?' అని ఉంది.

"దీనికి కూడా కొంతవరకేనా సామీ? నాకు మనసు ఒప్పలేదు."

"మార్కులు సరిపోవాల గదమ్మా. గ్రాంటు వచ్చినాక పూర్తిగా నిజాయితీగా ఉందాంలే."

నలభై తొమ్మిది మార్కులు వచ్చాయి. రెండో భాగం తెరుచుకుంది. అందులో మొదటి ప్రశ్న: 'రాబోయే మూడేళ్ళలో లబ్ధిదారుల సంఖ్యను ఏటా ఇరవై శాతం చొప్పున ఎలా పెంచుతారు?'

మునిలక్ష్మి మూడుసార్లు చదివింది. "అంటే ఇంకా జాస్తి మందికి కాళ్ళు ఇరగాలనా?"

"అట్ల కాదమ్మా, అది అభివృద్ధి."

"నేనేం చేసేది సామీ? పొద్దున్నే లేచి బస్టాండు కాడ అరటితొక్కలు వేసేదా?"

సారంగపాణి ముప్పై ఆరేళ్ళ అనుభవాన్ని వేళ్ళ కొసల్లోకి తెచ్చుకుని టైపు చేశారు: 'ఈ ప్రాంతపు రోడ్ల ప్రస్తుత స్థితి దృష్ట్యా, లక్ష్యం సంస్థ జోక్యం లేకుండానే సాధ్యం.' పక్కన పచ్చగుర్తు పడింది. (ఆ జవాబుకు ఫౌండేషన్ పదికి పది వేసిందని తరువాత తెలిసింది.)

ఆ తరువాత తిరుపతిలో ఒక హోటల్లో రెండు రోజుల శిక్షణ. గ్రాంటుకు దరఖాస్తు చేసే సామర్థ్యాన్ని పెంచే శిక్షణ అది. హాజరు తప్పనిసరి. ఏసీ చలికి మునిలక్ష్మి కొంగు నిండుగా కప్పుకుని కూర్చుంది. శిక్షకురాలు అందరికీ రంగు చీటీలు పంచి, "మీ సంస్థ ఒక జంతువైతే ఏ జంతువు అవుతుంది?" అని అడిగింది. ఏనుగులు, సింహాలు, ఒక డేగ గోడకెక్కాయి. మునిలక్ష్మి 'ఎద్దు' అని రాసింది. ఎందుకని అడిగారు.

"పని చేస్తాది మేడమ్. రాసేదానికి కూర్చోబెడితే కొమ్ము ఇసురుతాది."

ఆ మాట చప్పట్లకు నోచుకుంది. చార్టు మీదకు మాత్రం 'క్షేత్రస్థాయి బలం' అన్న పేరుతో ఎక్కింది.

కార్తీకంలో ఫౌండేషన్ తరఫున తనిఖీకి బాలచంద్ర వచ్చాడు. బెంగళూరు మనిషి, ముప్పై దాటలేదు, పదవి 'సామర్థ్య ధ్రువీకరణ నిపుణుడు'. మర్యాద తెలిసినవాడు. చెప్పులు బయట విడిచి కొట్టంలోకి అడుగుపెట్టాడు. లోపల ఒక వాకరూ, దాని మీద ఒక కోడీ ఉన్నాయి.

"కుర్చీలు ఎక్కడమ్మా?"

"మనుషుల కింద ఉండాయి సార్."

బాలచంద్ర ట్యాబ్ వంక చూశాడు. "అలా రాయడానికి గడి లేదమ్మా. దరఖాస్తులో పదకొండు కుర్చీలు చూపించారు. పదకొండూ ఇదే చోట, ఒకే ఫోటోలో పడాలి. లేకపోతే ఆస్తులు లేవని పోతుంది. నేను రేపు పదింటికి మళ్ళీ వస్తాను."

అతను వెళ్ళాక సారంగపాణి కండువాతో ముఖం తుడుచుకున్నారు. "ఒక్క పూటే గదమ్మా. కుర్చీలు తెప్పించి, ఫోటో తీసి, మధ్యాన్నానికి మళ్ళీ పంపిచ్చేద్దాం."

"ఆ పూట వాళ్ళు యాడ కూర్చుంటారు సామీ?" అంది మునిలక్ష్మి. ఎనిమిదేళ్ళలో ఆమె ఎవరి దగ్గరకూ వెళ్ళి కుర్చీ ఇచ్చేయమని అడగలేదు. వాళ్ళే తెచ్చి ఇచ్చేవాళ్ళు, నడుచుకుంటూ. అదే ఆమెకు ఇష్టం. "ఫోటో కోసరం మనిషిని కిందికి దించేది నా చేత కాదు. గ్రాంటు పోతే పోనీ."

ఇంతలోనే ఆమెకు ఇంకో ఆలోచన తట్టింది. నోటుబుక్కు తీసి, పదకొండు నంబర్లకూ ఫోన్ చేసి ఒకే మాట చెప్పింది: "కుర్చీ తీసకరావద్దండి. కుర్చీలోనే రండి."

మరునాడు తొమ్మిదిన్నరకల్లా వడమాలపేటలో అంతకు ముందెన్నడూ కనిపించని ఊరేగింపు ఒకటి కనిపించింది. ఆటోల్లో, ఒక ట్రాక్టరు ట్రాలీలో, మెయిన్ రోడ్డు పక్కన తోసుకుంటూ పదకొండు కుర్చీలు, పదకొండుమంది మనుషులు వచ్చారు. ఎనభై రెండేళ్ళ కల్యాణవల్లమ్మ పట్టుచీర కట్టి, కొప్పులో కనకాంబరాలు పెట్టుకుంది. అయిదు నెలల తరువాత ఇంటి గడప దాటడం ఆమెకు ఇదే మొదటిసారి. శ్రీ సిటీ ఫ్యాక్టరీల్లో వెల్డరుగా పనిచేసే మునికుమార్, బండి మీంచి పడి విరిగిన కాలికి తొడ దాకా కట్టుతో, ట్రాలీలో రాజులా కూర్చుని వచ్చాడు. అందరూ ఒకరి కట్టు ఒకరు చూసుకుని, ఎవరి డాక్టరు ఏం చెప్పాడో మాట్లాడుకుంటున్నారు. పెళ్ళివారిల్లులా ఉంది.

బాలచంద్ర వచ్చి నిలబడిపోయాడు. తరువాత ట్యాబ్ ఎత్తి ఫోటో తీశాడు. ట్యాబ్ ఎర్రగా మెరిసింది. 'ఆస్తులు వినియోగంలో ఉన్నవి. నిల్వగా పరిగణించబడవు.'

అతను గొంతు సవరించుకున్నాడు. "అందరూ ఒక్క రెండు నిమిషాలు... కుర్చీల్లోంచి లేస్తే..."

కల్యాణవల్లమ్మ నవ్వింది. "నాయనా, నేను లేచి నిలబడేదాన్నే అయితే ఈ కుర్చీతో నాకేం పని?"

"నాకు తెలుసు అవ్వా" అన్నాడు బాలచంద్ర చెవులదాకా ఎర్రబడి. "దీనికి తెలియదు."

అప్పుడే వాన మొదలైంది. మొదట చినుకులు, తరువాత ధారలు. అందరినీ గబగబా కొట్టంలోకి తోశారు. అక్కడా తడిశారు. కల్యాణవల్లమ్మ నెత్తి మీద బాలచంద్ర తన ఫైలు పట్టాడు. (ఆ ఫైలు ఒకరికి నేరుగా ఉపయోగపడిన సందర్భం ఇదొక్కటే.) మునికుమార్ తల పైకెత్తి చిల్లులు లెక్కపెట్టాడు.

"ఏందక్కా ఇది, జల్లెడ మాదిరి ఉండాది. నాకెందుకు చెప్పలేదు?"

"కాలిరిగినోనికి కప్పు సంగతి ఏం చెప్పేదప్పా?"

"కాలే గదక్కా ఇరిగింది. చేతులు బాగుండాయి."

ఆ తరువాత జరిగిన దానికి ఏ దరఖాస్తూ లేదు. మూడో నంబరు కుర్చీలోని రిటైరైన టీచరుగారి ఇంట్లో కొత్త రేకులు మిగిలిపోయి ఉన్నాయట. ట్రాలీ ఎలాగూ వచ్చి ఉంది. ఇనుప గొట్టాలు తాను తెప్పిస్తానన్నాడు ఒక ఆటో అతను, వాళ్ళమ్మ ఎనిమిదో కుర్చీలో ఉంది. ఆదివారం పొద్దున మునికుమార్ కుర్చీలోనే కూర్చుని, కట్టుకాలు చాపి, కింద నుంచే గొట్టాలకు వెల్డింగు చేశాడు. పైకెక్కినవాళ్ళను "ఎడమ పక్కకు జరగబ్బా, నీ ఎడమ కాదు, నా ఎడమ!" అని అరుస్తూ నడిపించాడు. సెలవురోజైనా బాలచంద్ర టికెట్టు మార్చుకుని వచ్చి, నిచ్చెన పట్టుకున్నాడు. మునిలక్ష్మి అందరికీ రాగిసంగటి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి పెట్టింది. చీకటి పడకముందే కప్పు పూర్తయింది.

మూడు రోజులకు గట్టి వాన పడింది. మునిలక్ష్మి కొట్టం మధ్యలో నిలబడి పైకి చూసింది. రేకుల మీద డప్పుల మోత. కింద ఒక్క చుక్క లేదు. ఎవరూ చూడటం లేదు కనుక చిన్నపిల్లలా చేతులు చాపి ఒక చుట్టు తిరిగింది.

నెల తరువాత ఫౌండేషన్ నుంచి ఉత్తరం వచ్చింది. సారంగపాణి కళ్ళజోడు సవరించుకుని పైకి చదివారు. తమ క్షేత్ర సందర్శన ఫలితంగా సంస్థ సామర్థ్యం తొమ్మిది రోజుల్లోనే గణనీయంగా పెరిగినట్టు నివేదిక అందిందనీ, జతపరచిన పైకప్పు ఫోటో అందుకు సాక్ష్యమనీ, లక్ష్యం ముందుగానే నెరవేరినందున గ్రాంటు విడుదల చేయవలసిన అవసరం కలగలేదనీ, ఈ విజయాన్ని వార్షిక నివేదిక ముఖచిత్రంగా వేస్తున్నామనీ అందులో ఉంది. చివర ఒక వాక్యం. ముప్పై రోజుల్లోగా గ్రాంటు వినియోగ ధ్రువపత్రం పంపవలెను.

"ఇయ్యని గ్రాంటుకు ఏం పత్రం సామీ?" అంది మునిలక్ష్మి నవ్వు ఆపుకోలేక కూర్చుండిపోయి.

సారంగపాణి ఫోన్ చేశారు. వీణ అయ్యాక ఉప సామర్థ్యాధికారి అదే ఓపికతో చెప్పాడు: "సిస్టంలో మీ ప్రాజెక్టు పూర్తయిందని పడిందండీ. పత్రం రాకపోతే ఎగవేతదారుల జాబితాలోకి దానంతట అదే పోతుంది."

తిరుపతిలో ఒక ఆడిటరు లెక్కలన్నీ చూసి, మంజూరైన సున్నా రూపాయలూ నిర్దేశిత ప్రయోజనానికే, ఏ దుర్వినియోగమూ లేకుండా ఖర్చయ్యాయని సంతకం చేసి, ముద్ర వేసి, రెండు వేలు తీసుకున్నాడు. సారంగపాణి దాన్ని మూడు ప్రతులు చేసి పంపారు.

జవాబు ఈసారి వారంలోనే వచ్చింది. ధ్రువపత్రం అన్ని విధాలా సక్రమంగా ఉందని ఫౌండేషన్ మెచ్చుకుంది. అయితే పరిపాలన ఖర్చు గ్రాంటులో పది శాతం మించరాదన్న నిబంధనను రెండు వేల రూపాయల మేర ఉల్లంఘించినందుకు, సంఘాన్ని మొదటి తప్పుగా క్షమించింది.