గడ్డం తొండ తలాడించింది

ఆ సోమవారం పరదేశి వేసుకున్న ప్లాను చిన్నదే: ఆఫీసుకి సెలవు పెట్టడం, తొండకి ఎండ పెట్టడం, పెళ్లాం మనసుకి వెన్న పెట్టడం. మొదటి రెండూ తొమ్మిదింటికల్లా అయిపోయాయి.

ఓడలో వంటవాడైన తమ్ముడు గోపీ ముందురోజు తెచ్చిచ్చిన ఆ జీవికి ఒళ్లంతా ముళ్లు, కోపమొస్తే ఉబ్బి నల్లబడే గడ్డం. "ఆస్ట్రేలియా సరుకన్నయ్యా! పొద్దున్న ఎండ, మధ్యాన్నం ఆకుకూర, సాయంత్రం బొద్దింకలు. పేరు మాత్రం మర్సిపోనాను" అని చెప్పి ఓడెక్కేశాడు. ఎస్టీడీ బూతు నుంచి అడుగుదామంటే సముద్రానికి కోడ్ నంబరు లేదు.

"ఏటో తెలీకుండా నా ఇంట్లో ఎలగుంటాదండీ? సాయంత్రానికి తేల్సండి. నేకపోతే తోటలో ఒగ్గేసి రండి" అంది భార్య కనకమహాలక్ష్మి.

దాన్ని ఒదులుకోలేక పరదేశి అట్టపెట్టెలో పెట్టుకుని బయల్దేరాడు. రాత్రి ఆ తొండ అతని భుజం మీదే నిద్రపోయింది. ఆ భుజం మీద అంతవరకు తువ్వాలు తప్ప ఎవరూ అంత నమ్మకంగా వాలలేదు.

చోడవరం పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు వజీర్ పెట్టె మూత తీసి, గబుక్కున వేసి, రిజిస్టరు తెరిచాడు. అందులో గళ్లు నాలుగే: ఆవు, గేదె, మేక, కోడి.

"గడ్డముంది గదండీ, మేక కింద రాసేస్తన్నాను."

"మేకేటి బాబూ, బల్లిలాగుంటే!"

"బల్లికి గడి నేదు మరి."

ఇంటికొచ్చాక ఆసుపత్రి చీటీ చూసి కనకమహాలక్ష్మి, "అయితే పాలు పితకండి" అంది.

గడ్డం వచ్చి గండం తెచ్చిందనుకుంటూ పరదేశి తొండను బీరువా ముందు దించాడు. బీరువా అద్దంలో ఇంకో మొనగాడు కనబడేసరికి అది కయ్యానికి సిద్ధమై టకటకా తలాడించింది. పరదేశికి ప్రాణం లేచొచ్చింది.

"సూసేవా! బల్లి పలికితే సత్యం అంటావు గదా. ఇది పలకదు, తలాడిస్తాది. అడిగి సూడు!"

తలాడించింది తొండ, తొండి మాత్రం పరదేశిది.

కనకమహాలక్ష్మి కొంగు కప్పుకుని అడిగింది. "మా సెల్లికి ఈ ఏడు పెళ్లవుద్దా?"

తొండ ఊపింది. ఎదురింటి నూకరత్నం తన గేదె ఇల్లు చేరుతుందా అంది. ఊపింది. గేదె చేరింది. రోజూ ఆ వేళకే చేరుతుందన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. మధ్యాహ్నానికి తొండ కాస్తా తొండస్వామి అయింది. పక్క ఊరు వడ్డాది నుంచి కూడా జనం దిగారు. గుమ్మం నిండా చెప్పులు, గది నిండా తోటకూర కట్టలు.

నాలుగింటికి ఇంటి ఓనరు మంగాయమ్మ వచ్చి పీటేసుక్కూర్చుంది. "సామీ, ఈ అద్దింట్లో నీకేటి సుఖం? మా మేడకొచ్చేస్తావా?"

తొండ ఊపింది.

"ఆగండమ్మా!" పరదేశి అడ్డం పడ్డాడు. "అది ఎవులికీ జవాబు సెప్పట్లేదు. అద్దంలో దాన్నదే సూసుకుని ఎగురుతంది. నానే అబద్ధమాడేను!"

కనకమహాలక్ష్మి మొగుణ్ణి చూసింది, తొండను చూసింది. ఇద్దరిలో ఎవరు నమ్మదగినవారో తేల్చుకుని తొండవైపు తిరిగింది.

"సామీ, మా ఆయన ఇప్పుడు సెప్పిందే అబద్ధం గదా?"

తొండ గడ్డం ఉబ్బించి మూడుసార్లు ఊపింది.

అద్దాల హాలున్న మేడకి తొండస్వామి మేళంతో తరలిపోయింది. మర్నాడు పొద్దున్న పరదేశి తన తొండను చూసుకోవడానికి మేడమెట్ల మీద లైన్లో నిలబడ్డాడు. టోకెను నంబరు ముప్ఫై రెండు.